ట్యాబ్‌ని కెమెరాకి మానిటర్‌గా, కంట్రోలర్‌గా వాడటం: వైజాగ్‌లో ఎవరైనా చేస్తున్నారా?

లక్కపిడత · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. అమ్మ పుట్టిల్లు ఏటికొప్పాక. అక్కడ మావాళ్లు చేసే లక్కబొమ్మల్ని నేను ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మిపెడుతుంటాను. ఫోటోలు నేనే తీస్తాను. కెమెరా కెనాన్ 1500డీ. 50 ఎంఎం లెన్సు ఒకటి, కెమెరాతో వచ్చిన కిట్ లెన్సు ఒకటి ఉన్నాయి.

నా ఇబ్బంది ఇది. బొమ్మల సెట్టు మొత్తాన్ని పైనుంచి తీయాలి. ట్రైపాడ్‌కి అడ్డంగా ఒక రాడ్ బిగించి, కెమెరాని నేల వైపు తిప్పి పెడతాను. దీని వెనక స్క్రీన్ 3 అంగుళాలే, పైగా అది బయటికి తిరగదు. ప్రతి షాట్‌కీ స్టూలెక్కి చూడాలి, దిగి బొమ్మ జరపాలి, మళ్లీ ఎక్కాలి. పోయిన ఆదివారం సాయంత్రానికి మోకాళ్లు పట్టేశాయి.

అంతకంటే పెద్ద సమస్య లక్క మెరుపు. కర్రని గుండ్రంగా తిప్పే తరిణి మీద బాగా తిరిగిన బొమ్మ అద్దంలా ఉంటుంది. కిటికీ చువ్వలు, ట్యూబ్‌లైటు, నా చున్నీ రంగు, అన్నీ అందులో పడతాయి. కెమెరా స్క్రీన్‌లో అవేవీ కనపడవు. కంప్యూటర్‌లో వేసి చూస్తే అప్పుడు బయటపడతాయి. అప్పటికి సెట్టు సర్దేసి ఉంటాను.

ఇంట్లో 10 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది, ఇప్పుడు ఊరికే పడుంది. కెమెరాలో కనిపించేది అందులో చూస్తూ, అక్కడినుంచే క్లిక్ కొట్టొచ్చా? షాపులో అడిగితే 700 రూపాయల హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డ్ చూపించి "ఇది పెడితే చాలు, మొత్తం ట్యాబ్‌లోంచే నడిపించొచ్చు" అన్నారు. కొనే ముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను.

గాజువాక_జిబ్ · శనివారం రాత్రి 9:31

ఆగి మంచి పని చేశారు అక్కా. ఆ కార్డ్ పెడితే కెమెరా చూసేది ట్యాబ్‌లో కనపడుతుంది, అంతే. క్లిక్ కొట్టడం కుదరదు. హెచ్‌డీఎంఐ వైరులో కెమెరా నుంచి బయటికి దృశ్యం వస్తుందే గానీ, ట్యాబ్ నుంచి కెమెరాకి "షట్టర్ కొట్టు", "ఐఎస్‌ఓ మార్చు" అని చెప్పే దారి ఆ కార్డ్‌లో లేదు.

నేను పెళ్లిళ్ల వీడియో చేస్తాను. జిబ్ అనే పొడవాటి క్రేను మీద కెమెరా పైకి లేచిపోతే కింద నుంచి చూడాలి కాబట్టి నాకు చూపు చాలు. అందుకే క్యాప్చర్ కార్డ్ వాడతాను. మీకు చూపూ కావాలి, చెయ్యీ కావాలి. మీ దారి వేరు.

ఈసీఈ_2009 · శనివారం రాత్రి 10:05

జిబ్ బ్రో అసలు విషయం చెప్పేశాడు. దాన్నే ఇంకొంచెం విడమరుస్తాను, ఎందుకంటే నేను చూసినవాళ్లలో చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకున్నారు.

కెమెరా నుంచి ట్యాబ్‌కి మూడు దారులున్నాయి. ఒకటి హెచ్‌డీఎంఐ. కెమెరా హెచ్‌డీఎంఐలోంచి వచ్చిన సిగ్నల్‌ని క్యాప్చర్ కార్డ్ పట్టుకుని, వెబ్‌క్యామ్ ఎలా పంపుతుందో అలా ట్యాబ్‌కి పంపుతుంది. దీనికి యూవీసీ అనే ప్రమాణం ఉంది. ట్యాబ్ దృష్టిలో మీ కెమెరా ఒక వెబ్‌క్యామ్. ఆండ్రాయిడ్‌లో ఓటీజీ (యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా ట్యాబ్‌కే తగిలించుకునే వీలు) ఉండి, యూఎస్‌బీ కెమెరాని చూపించే యాప్ ఏదైనా వేసుకుంటే దృశ్యం వస్తుంది. ఐప్యాడ్‌లో అయితే 2023లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 17 నుంచి ఇది పనిచేస్తోంది, అదీ టైప్-సీ పోర్టు ఉన్న ఐప్యాడ్‌లలోనే. ఓరియన్ అనే యాప్ ఆ పని కోసమే వచ్చింది. పాత లైట్నింగ్ పోర్టు ఐప్యాడ్ చేతిలో పెట్టుకుని కార్డ్ కొంటే డబ్బు దండగ.

రెండోది కెమెరా యూఎస్‌బీ పోర్టు. మనం ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే ఆ చిన్న పోర్టే. అందులో కెమెరా పీటీపీ అనే భాష మాట్లాడుతుంది. పేరుకి అది ఫోటోలు బదిలీ చేసే భాషే గానీ, కంపెనీలు దానికి తమ సొంత ఆదేశాలు కలిపాయి: లైవ్ వ్యూ (లెన్సుకి ఆ క్షణం కనిపించేది) పంపడం, షట్టర్ కొట్టడం, అపర్చర్ మార్చడం, లెన్సు ఫోకస్ మోటార్‌ని తిప్పడం. అంటే చూపూ చెయ్యీ రెండూ ఒక్క వైరులో. లక్కపిడత గారికి కావలసింది ఇదే. ఖర్చు ఒక ఓటీజీ ముక్క, ఒక కేబుల్.

మూడోది వైఫై. ఇదే భాష గాలిలో వెళ్తుంది. మీ 1500డీలో వైఫై ఉంది. కెనాన్ వాళ్ల కెమెరా కనెక్ట్ యాప్ వేసుకుని ఇప్పుడే, ఒక్క రూపాయి పెట్టకుండా చూడొచ్చు. ముందు అది చేసి చూడండి.

లక్కపిడత · ఆదివారం ఉదయం 7:20

చాలా థాంక్స్ అండీ. రాత్రే వైఫై పెట్టి చూశాను. ట్యాబ్‌లో బొమ్మ కనపడగానే మా చిన్నది ఎగిరి గంతేసింది. క్లిక్ కూడా పడింది! కానీ బొమ్మని చేత్తో జరిపితే స్క్రీన్‌లో కాస్త ఆగి కదులుతోంది. పది నిమిషాలకోసారి కనెక్షన్ తెగిపోతోంది. మళ్లీ కలపాలంటే మళ్లీ స్టూలెక్కాలి.

తీరంవెంట · ఆదివారం ఉదయం 8:02

తెగడానికి సగం కారణం కెమెరా నిద్రపోవడం. మెనూలో ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. రెండో కారణం, ఎంవీపీలో అపార్ట్‌మెంట్ అంటే చుట్టూ ఇరవై రౌటర్లుంటాయి. మీ కెమెరా వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అందరి రౌటర్లూ అక్కడే కిక్కిరిసి ఉంటాయి.

నేను టైమ్‌లాప్స్ చేస్తాను. కైలాసగిరి మీద తెల్లవారుజామున నాకు వైఫై ఎప్పుడూ తెగలేదు, చుట్టూ ఎవరూ ఉండరు కాబట్టి. అదే సెటప్ డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలకి ఆర్‌కే బీచ్‌కి పట్టుకెళ్తే, జనం పెరిగేకొద్దీ లైవ్ వ్యూ ముక్కలు ముక్కలుగా వచ్చి, చివరికి ఆగిపోయింది. ఆ రోజు నుంచి జనం ఉన్న చోట వైఫైని నమ్మడం మానేశాను.

గాజువాక_జిబ్ · ఆదివారం ఉదయం 8:15

కళ్యాణ మండపంలో కూడా అంతే. ఉదయం రిహార్సల్‌లో సూపర్‌గా ఉంటుంది. బంధువులంతా ఫోన్లతో దిగాక పోతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో స్క్రీన్ గడ్డకట్టిందంటే ఆ టెన్షన్ చెప్పలేను. పెళ్లివాళ్లని మళ్లీ పెట్టమని అడగలేం కదా.

డాబాగార్డెన్స్_స్టూడియో · ఆదివారం ఉదయం 10:40

నాది పాత స్టూడియో, రీలు కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. నా మాట కొంచెం వేరు. బయట షూట్ చేసేవాళ్లు ట్యాబ్ ఆలోచన మానుకుని, చిన్నదైనా సరే, ఫీల్డ్ మానిటర్ కొనుక్కోవడం మేలు. మామూలు ట్యాబ్‌ల వెలుతురు 400, 500 నిట్లు ఉంటుంది. బయట వాడే మానిటర్లు 1000 నిట్లు, ఆపైన కూడా దొరుకుతాయి.

మన బీచ్ సంగతి చూడండి. సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం నాలుగింటికి జంటని అలల ముందు నిలబెడితే ఎండ మన వీపు వెనక నుంచి వచ్చి నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. ట్యాబ్‌లో కనిపించేది మన మొహమే. పైగా ఎండలో ట్యాబ్ వేడెక్కితే తనంతట తనే వెలుతురు తగ్గించేసుకుంటుంది. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని దాని కంపెనీయే రాసింది. మన మే నెలకి అది ఏ మూలకి?

ఇంట్లో బొమ్మలు తీసే అమ్మాయికి మాత్రం ట్యాబే సరి. 10 అంగుళాల మానిటర్ కొనాలంటే ఆ డబ్బుకి రెండు మంచి లైట్లు వస్తాయి.

తీరంవెంట · ఆదివారం ఉదయం 11:05

మీ మాట కాదనను గురువుగారూ, కానీ బయట కూడా పని జరిపించుకోవచ్చు. నల్ల ఫోమ్ షీట్ తెచ్చి ట్యాబ్ చుట్టూ మూడు వైపులా గోడలా అంటించాను. పైన నల్ల గొడుగు. రుషికొండలో పొద్దున 9 దాకా చక్కగా కనపడింది. ఆ తర్వాత మాత్రం కష్టమే, ఒప్పుకుంటాను.

ఉప్పుగాలి గురించి కూడా చెప్పాలి. బీచ్ నుంచి ఇంటికి రాగానే ట్యాబ్ టైప్-సీ పోర్టుకీ కెమెరా పోర్టుకీ మూతలు పెట్టి, బయటంతా కాస్త తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. నా మొదటి ఓటీజీ ముక్క లోపల ఆకుపచ్చగా చిలుము పట్టి చచ్చిపోయింది. అది పోయిన తర్వాతే నాకీ అలవాటు వచ్చింది. అలాగే నేవీ ఆంక్షల బోర్డులున్న వైపు కెమెరా తీయకండి. ట్యాబ్, వైర్లు, ట్రైపాడ్ అన్నీ కలిపి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కొండకర్ల_కొంగ · ఆదివారం మధ్యాహ్నం 1:30

నాకు ట్యాబ్ వల్ల జరిగిన మేలు ఇంకోటి. కొండకర్ల ఆవ అనే సరస్సు గట్టు మీద కెమెరాని నేలకి ఆనించి పెట్టి, నేను పది మీటర్ల వెనక చెట్టు చాటున కూర్చుంటాను. వైఫై అంత దూరం వస్తుంది. నీటికోడి తన దారిన తాను వచ్చి లెన్సు ముందు నీళ్లు చిమ్ముకుంటూ నడిచిపోతుంది. మనిషి అక్కడ ఉంటే ఆ ఫోటో ఈ జన్మలో రాదు.

గూళ్ల దగ్గర మాత్రం ఇలా కెమెరా పెట్టొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. మనం దూరంగా ఉన్నామని మనకి తెలుసు, తల్లిపిట్టకి తెలియదు. ఆ నల్లటి గాజుకన్ను చూసి గూడు వదిలేస్తే పిల్లలు పోతాయి.

లక్కపిడత · సోమవారం రాత్రి 8:50

ఈసీఈ గారూ, మీరు చెప్పినట్టు ఓటీజీ, కేబుల్ తెచ్చాను. కెమెరాకి మినీ-బీ, ఇటు ట్యాబ్‌కి టైప్-సీ. కెమెరాని ట్యాబ్‌లోంచి నడిపే క్యూడీఎస్‌ఎల్‌ఆర్‌డ్యాష్‌బోర్డ్ యాప్ వేశాను. అసలు ఏమీ రావట్లేదు. "కెమెరా లేదు" అంటోంది. గంట నుంచి పీకి పెడుతున్నాను. ట్యాబ్ పాడైందా, కెమెరా పోర్టు పోయిందా అని భయంగా ఉంది.

ఈసీఈ_2009 · సోమవారం రాత్రి 9:03

కంగారు పడకండి, ఏదీ పాడై ఉండదు. వరసగా చూద్దాం. కెమెరా మెనూలో వైఫై ఇంకా ఆన్‌లో ఉందా? చాలా కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో వైఫై, వైరు రెండూ ఒకేసారి పనిచేయవు. మొన్న రాత్రి మీరు ఆన్ చేశారు కదా, దాన్ని డిజేబుల్ చేయండి.

అప్పటికీ రాకపోతే ఓటీజీకి ఒక మామూలు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. అది తెరుచుకుంటే ఓటీజీ బాగానే ఉన్నట్టు. కొన్ని ట్యాబ్‌లలో సెట్టింగ్స్‌లో ఓటీజీని విడిగా ఆన్ చేయాలి, అదీ చూడండి.

మిగిలింది కేబుల్. దీని మీద నాకు మొదటినుంచీ అనుమానం. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి, లోపల డేటా తీగలే ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. అదే కేబుల్‌తో కెమెరాని కంప్యూటర్‌కి కలిపితే ఫోటోలు కనపడుతున్నాయా?

లక్కపిడత · సోమవారం రాత్రి 9:41

వైఫై ఆన్‌లోనే ఉంది, తీసేశాను. పెన్‌డ్రైవ్ తెరుచుకుంది. కేబుల్ కంప్యూటర్‌కి పెడితే కెమెరా రావట్లేదు! అంటే దొంగ అదేనా?

ఈసీఈ_2009 · సోమవారం రాత్రి 9:44

అదే. మార్చి తెచ్చుకోండి. షాపులోనే కెమెరా పట్టుకెళ్లి, ట్యాబ్‌కి పెట్టి, చూసి కొనండి. పొడవు 3 మీటర్లు చాలు. యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి 5 మీటర్లు హద్దు.

యాప్ తెరవగానే "ఈ యూఎస్‌బీ పరికరాన్ని వాడుకోనివ్వాలా" అని ట్యాబ్ అడుగుతుంది. ఆ యాప్‌కే అనుమతి ఇవ్వండి. గ్యాలరీ యాప్ ముందే కెమెరాని పట్టేసుకుంటే దాన్ని పూర్తిగా మూసి, వైరు తీసి మళ్లీ పెట్టాలి.

గాజువాక_జిబ్ · సోమవారం రాత్రి 10:20

వైరు గురించి నా అనుభవం కూడా వినండి అక్కా. పోయిన మాఘంలో ఒక పెళ్లిలో మండపం మెట్ల దగ్గర చిన్నపిల్లాడు పరిగెత్తుకొచ్చాడు, కాలికి హెచ్‌డీఎంఐ వైరు తగిలింది. కెమెరా పడలేదు, ట్రైపాడ్ గట్టిది. కానీ మినీ పోర్టు లోపలికి వంగిపోయింది. ఆ పోర్టు నేరుగా మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది. బాగుచేయించడానికి ఆ పెళ్లిలో నాకు మిగిలిందంతా పెట్టాను.

అప్పటి నుంచి పోర్టులోకి వెళ్లే ముందు వైరుని ట్రైపాడ్ రాడ్‌కి ఒక చుట్టు చుట్టి వెల్క్రో పట్టీతో కట్టేస్తాను. ఎవరైనా లాగినా ఆ లాగుడు రాడ్ మీద పడుతుంది గానీ పోర్టు మీద పడదు. మీ ఇంట్లోనూ పిల్లలున్నారన్నారు. వెల్క్రో లేకపోతే జుట్టుకి పెట్టుకునే రబ్బర్‌బ్యాండైనా చాలు.

వేదిక_నిర్వాహకులు · మంగళవారం ఉదయం 9:00

చర్చ చాలా ఉపయోగంగా సాగుతోంది. క్యాప్చర్ కార్డ్‌ల గురించి ప్రైవేటు మెసేజీల్లో చాలామంది అడుగుతున్నారు. "4కే" అని రాసి ఉన్న చవక కార్డ్‌లు నిజంగా 4కే ఇస్తాయా అన్నది ఎవరైనా ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తుంది.

ఈసీఈ_2009 · మంగళవారం మధ్యాహ్నం 2:15

డబ్బా మీద రాసిన 4కే లోపలికి వెళ్లే సిగ్నల్ గురించి. బయటికి వచ్చేది ఆ చవక కార్డ్‌లలో మామూలుగా 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు, అదీ కుదించి. ఎందుకో ఒక్క లెక్కతో తేలిపోతుంది. ఒక ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 1920 × 1080 చుక్కలు. చుక్కకి 2 బైట్లు. సెకనుకి 60 ఫ్రేములంటే దాదాపు 249 మెగాబైట్లు, అంటే ఇంచుమించు 2 గిగాబిట్లు. యూఎస్‌బీ 2.0 పైపు 480 మెగాబిట్లే. ఏటి నీళ్లని బోరింగు గొట్టంలో పోయించలేం. అందుకే కార్డ్ ప్రతి ఫ్రేమునీ జేపెగ్‌లా నలిపి పంపుతుంది, ట్యాబ్ దాన్ని విప్పుతుంది. ఆలస్యంలో కొంత అక్కడే వస్తుంది.

యూఎస్‌బీ 3.0 కార్డ్ కొంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది, కానీ ట్యాబ్ పోర్టు కూడా 3.0 అయ్యుండాలి. టైప్-సీ అనగానే వేగం అనుకోవద్దు. పదో తరం ఐప్యాడ్‌లో పోర్టు టైప్-సీయే, వేగం మాత్రం 480 మెగాబిట్లు. ఐప్యాడ్ మినీ 6లో 5 గిగాబిట్లు.

కరెంటు సంగతి కూడా గుర్తుంచుకోండి. క్యాప్చర్ కార్డ్ ట్యాబ్ బ్యాటరీనే తాగుతుంది. ఉన్న ఒక్క పోర్టులో కార్డ్ ఉంటే ఛార్జింగ్ పెట్టడానికి చోటుండదు. గంటల తరబడి షూట్ అయితే ఛార్జింగ్‌ని కూడా లోపలికి పంపే హబ్ తీసుకోండి.

డాబాగార్డెన్స్_స్టూడియో · మంగళవారం సాయంత్రం 6:30

అమ్మా లక్కపిడతా, రంగుల గురించి ఒక్క మాట. ట్యాబ్‌లో ఆటో బ్రైట్‌నెస్, రాత్రిపూట కళ్లకి మంచిదని పెట్టే పసుపు ఫిల్టర్, రెండూ ఆపేయాలి. లేకపోతే జాఫ్రా గింజల ఎరుపు ఒకలా, పసుపుకొమ్ము రంగు ఇంకోలా కనపడి, నువ్వు కెమెరాలో లేని తప్పు దిద్దుతావు. సహజ రంగుల బొమ్మకి రంగే ప్రాణం. కొన్నవాళ్లు డబ్బా విప్పగానే "ఫోటోలో ఇలా లేదే" అనకూడదు. వెలుతురు ఎక్కువా తక్కువా అన్నది ట్యాబ్ స్క్రీన్ చూసి కాకుండా, యాప్‌లో వెలుతురు లెక్క చూపించే గ్రాఫ్, హిస్టోగ్రామ్, చూసి తేల్చుకో. మొదటి ఫ్రేములో గ్రే కార్డ్ అనే బూడిదరంగు అట్ట పెట్టి వైట్ బ్యాలెన్స్ పట్టు, రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

మెరుపుకి లెన్సు మీద పోలరైజర్ అనే ఫిల్టర్ బిగించి తిప్పి చూడు. లక్క లోహం కాదు కాబట్టి అద్దం లాంటి మెరుపు బాగా తగ్గుతుంది. పూర్తిగా చంపేయకు, లక్కబొమ్మకి మెరుపు లేకపోతే మట్టిబొమ్మలా ఉంటుంది. తిప్పుతూ ట్యాబ్‌లో చూస్తే ఎక్కడ ఆపాలో నీకే తెలుస్తుంది. చిన్న స్క్రీన్ మీద ఆ తేడా పట్టుకోలేవు.

ఈసీఈ_2009 · మంగళవారం సాయంత్రం 7:10

గురువుగారికి తోడుగా నాదొకటి. బొమ్మని దగ్గరనుంచి తీసేటప్పుడు ముందున్న ఏనుగు తొండం ఫోకస్‌లో ఉంటే వెనకున్న మావటి మసకబారుతాడు. హెలికాన్ రిమోట్ యాప్ ఫోకస్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫోటోలు తీస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో వాటిని ఒకటిగా కలుపుకోవాలి. లెన్సు మీద స్విచ్ ఏఎఫ్‌లోనే (ఆటో ఫోకస్) ఉండాలి. ఎంఎఫ్‌లో (చేత్తో తిప్పే ఫోకస్) పెడితే యాప్ లెన్సుని తిప్పలేదు.

లక్కపిడత · ఆదివారం రాత్రి 8:30

వారం రోజులు కనపడకపోయినందుకు ఏమీ అనుకోకండి. కేబుల్ మార్చాను. బుధవారం నుంచి అంతా పనిచేస్తోంది! చెప్పాలని ఆత్రంగా ఉన్నా, ఒక షూట్ పూర్తిగా చేశాకే రాద్దామని ఆగాను.

ట్యాబ్‌ని బల్ల పక్కన వంటపుస్తకాల స్టాండ్ మీద పెట్టాను. వైరుని రాడ్‌కి జిబ్ తమ్ముడు చెప్పినట్టే కట్టాను. కెమెరా మెమరీ కార్డ్‌లోకి రా (కుదించని పెద్ద ఫైలు), జేపెగ్ (కుదించిన చిన్న ఫైలు) రెండూ వెళ్తాయి, ట్యాబ్‌కి జేపెగ్ ఒక్కటే రప్పించుకుంటున్నాను, లేకపోతే ప్రతి క్లిక్ తర్వాత చాలాసేపు ఆగాల్సి వస్తోంది. బొమ్మ జరిపితే వెంటనే కదులుతోంది. లైవ్ వ్యూ ఎంత స్పష్టంగా ఉందంటారా, ఫుల్ హెచ్‌డీ అంత లేదు, కానీ వేలితో 10 రెట్లు పెద్దది చేస్తే లక్క మీద చారలు కూడా కనపడుతున్నాయి. బ్యాటరీ మాత్రం మంచినీళ్లలా తాగేస్తోంది, రెండోది కొన్నాను.

ఈరోజు పొద్దున మావయ్య ఏటికొప్పాక నుంచి కొత్త బొమ్మలు తీసుకుని వచ్చారు. ఎడ్లబండి, ఏనుగు మావటి, పిల్లల వంటసామాను. ఎప్పుడూ ఇచ్చేసి కాఫీ తాగి వెళ్లిపోయేవారు. ఈసారి ట్యాబ్ చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏనుగుని 10 రెట్లు పెద్దది చేసి చూపించాను. చెవి కింద, ఎరుపూ పసుపూ కలిసే చోట, వెంట్రుకంత గీత. లక్క అక్కడ సరిగ్గా పట్టలేదు. చేత్తో పట్టుకుని చూస్తే నాకు ఏమీ కనపడలేదు. ఆయన బొటనవేలితో తడిమి, "ఇది తీయకమ్మా, దీన్ని మళ్లీ తరిణి పట్టాలి, మొగలాకు పెట్టి రుద్దాలి" అని సంచిలో వేసేసుకున్నారు. 

తర్వాత బండిని పైనుంచి తీశాం. నేను పోలరైజర్ తిప్పుతుంటే ఆయన ట్యాబ్ చూస్తూ "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు" అన్నారు. ఆగిన చోట చూస్తే కిటికీ చువ్వల నీడ పోయింది, చక్రం అంచున ఒక సన్నటి వెలుగు రేఖ మాత్రం మిగిలింది. క్లిక్ కూడా ఆయన చేతే కొట్టించాను.

ఆ ఫోటో కింద పెడుతున్నాను. చూసి తప్పులుంటే చెప్పండి. స్టూలు మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

డాబాగార్డెన్స్_స్టూడియో · ఆదివారం రాత్రి 9:15

చూశాను. ఎడమ ఎద్దు కొమ్ము మీద తెల్లటి చుక్క ఉంది, ట్యూబ్‌లైటు అనుకుంటాను. ఆర్పేసి ఇంకోటి తీయి. మిగతాదంతా బాగుంది.

లక్కపిడత · ఆదివారం రాత్రి 9:52

ఆర్పేసి తీశాను. పోయింది. రెండోది పెడుతున్నాను.